రియాక్టా, యాంగ్యులరా, వ్యూనా? ముందు మీ యాప్‌లో కష్టమైన స్క్రీన్ ఏదో చూడండి

రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ అనేవి వెబ్ అప్లికేషన్ల తెరలు కట్టడానికి వాడే టూల్‌కిట్లు, ఫ్రేమ్‌వర్క్‌లని కూడా అంటారు. వీటిలో రియాక్ట్ మంచిదా, యాంగ్యులర్ మంచిదా అని అడిగితే సమాధానం చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు, ఎందుకంటే ఆ ప్రశ్నలో మీ అప్లికేషన్ ఎక్కడా లేదు. ఏం కడుతున్నారు, దాన్ని ఎవరు ఏ మెషీన్ మీద వాడతారు, రోజుకు ఎన్ని గంటలు వాడతారు, ఐదేళ్ల తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారు, ఇవి తెలిస్తే సగం జాబితా దానంతటదే ఎగిరిపోతుంది. నేను నమ్మేది ఒకటే. మీ యాప్‌లో అన్నిటికన్నా కష్టమైన స్క్రీన్ ఏదో కనిపెట్టి, దాన్ని రెండు టూల్‌కిట్లలో కట్టి చూసి, అప్పుడు తేల్చుకోవాలి.

కంపెనీ వెబ్‌సైటు కట్టేవాళ్ల కోసం కాదు ఇది. పొద్దున తొమ్మిదికి తెరిచి రాత్రి దాకా మూయకుండా వాడే అప్లికేషన్ల గురించి: బిల్లింగ్, స్టాక్, బుకింగ్, అకౌంట్స్ లాంటివి. గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. బెంగళూరు కలాసిపాళ్యంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అనుకోండి. ఓనరుది కడప, బుకింగ్ గుమాస్తా హిందూపురం కుర్రాడు, సరుకు అనంతపురం, కర్నూలు, తిరుపతి వైపు పోతుంది. ఎల్.ఆర్. (సరుకు బుక్ చేసినందుకు ఇచ్చే లారీ రసీదు) రాయాలి, లోడింగ్ షీటు (ఏ లారీలో ఏ సరుకు ఎక్కిందో చూపే జాబితా) తీయాలి, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (జీఎస్‌టీ కింద సరుకు వెంట ఉండాల్సిన పత్రం) నంబరు ఎక్కించాలి, టు-పే (కిరాయి సరుకు అందుకునేవాళ్లు ఇచ్చేది), పెయిడ్ (కిరాయి ముందే కట్టినది) లెక్కలు విడివిడిగా తేలాలి, హమాలీ డబ్బులు కలపాలి. ఈ సాఫ్ట్‌వేర్ మీరు కట్టాలి.

మొదటి అడుగు: వాడేవాళ్ల పక్కన కూర్చోండి

ఆఫీసుకు వెళ్లి గుమాస్తా పక్కన స్టూలు వేసుకుని ఒక సాయంత్రం కూర్చోండి. లోడింగ్ జోరుగా నడిచే టైమ్‌లోనే వెళ్లండి, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే ఏమీ తెలియదు. పాత సాఫ్ట్‌వేర్ మీద అతని చేతులు ఎలా నడుస్తున్నాయో గమనించండి. పార్టీ పేరులో మొదటి మూడక్షరాలు, ఎంటర్. ఊరు, ఎంటర్. బేళ్లు ఎన్ని, ఎంటర్. బరువు, ఎంటర్. ప్రింట్. కళ్లు చేతిలోని చీటీ మీదే ఉంటాయి, తెర వైపు చూసేది చివర్లో ఒక్కసారి. "అన్నా, రంగులు గింగులు మీ ఇష్టం, మౌస్ ముట్టుకోకుండా పనైపోవాలి" అంటాడు. ఆ ఒక్క మాట మీరు చదివిన పోలిక వ్యాసాలన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. కీబోర్డు ఫోకస్ ఏ గడి మీద ఉండాలో పూర్తిగా మన చేతిలో ఉంచని టూల్‌కిట్ ఏదైనా ఇక్కడితో జాబితాలోంచి పోయినట్టే.

అక్కడ ఉండగానే ఇంకొన్ని రాసుకోండి. కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత? 4 జీబీ ఉంటే దాన్నే మీ కొలతగా పెట్టుకోండి, మీ ఆఫీసులోని మ్యాక్‌బుక్‌ని కాదు. నెట్ రోజుకు ఎన్నిసార్లు పోతుంది, పోయినప్పుడు బుకింగ్ ఆపేస్తారా, కాగితం మీద రాసుకుంటారా? ప్రింటరు డాట్ మ్యాట్రిక్సా? ఓనరు లెక్కలు ఫోన్‌లో చూస్తారా? పేర్లు తెలుగులో కొడతారా, ఇంగ్లీషులోనా, రెండూ కలిపా?

ప్రింటరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది చివరికి వదిలేస్తారు కాబట్టి. బ్రౌజర్ నుంచి ప్రింట్ ఇస్తే ప్రతిసారీ డైలాగ్ వస్తుంది, రోజుకు వందల ఎల్.ఆర్.లు తీసే చోట అది నరకం. క్రోమ్‌ను కియోస్క్ ప్రింటింగ్ ఆప్షన్‌తో తెరిస్తే డైలాగ్ లేకుండా నేరుగా ప్రింట్ పోతుంది. ఈ సమస్య ఏ టూల్‌కిట్‌తోనూ తీరేది కాదు గనక ఎంపికలో దీనికి మార్కులు వేయకండి, కానీ మొదటి వారంలోనే పరీక్షించండి.

రెండో అడుగు: కష్టమైన స్క్రీన్ ఏది?

లాగిన్, సెట్టింగ్స్, పార్టీల జాబితా, ఇవి ఏ టూల్‌కిట్‌తోనైనా వస్తాయి. వీటిని చూపించే డెమోలు చూసి మోసపోకండి. మన లారీ ఆఫీసులో అసలు కష్టం లోడింగ్ షీటు స్క్రీన్‌లో ఉంది. ఎడమవైపు ఇంకా లోడ్ కాని ఎల్.ఆర్.లు, వేలల్లో ఉండొచ్చు. కుడివైపు ఈ రాత్రి పోయే లారీలు. ఊరు, పార్టీ, తేదీ మీద ఫిల్టర్ చేయాలి, ఒకేసారి ముప్పై ఎల్.ఆర్.లు ఎంచుకుని ఒక లారీకి ఎక్కించాలి, ఎక్కించే కొద్దీ మొత్తం బరువు మారాలి, లారీ కెపాసిటీ దాటితే అక్కడికక్కడే హెచ్చరించాలి, ఇంకో కౌంటర్‌లో ఎవరైనా అదే ఎల్.ఆర్.ను వేరే లారీకి వేసేస్తే ఇక్కడి జాబితాలోంచి వెంటనే పోవాలి.

ఈ ఒక్క స్క్రీన్‌లో పెద్ద గ్రిడ్ (వరసలు, గడుల పట్టిక), కీబోర్డు, లైవ్ అప్‌డేట్, ఒకదాని మీద ఒకటి ఆధారపడే లెక్కలు, అన్నీ ఉన్నాయి. ఇది సాఫీగా నడిచే టూల్‌కిట్‌లో మిగతా ఇరవై స్క్రీన్లూ నడుస్తాయి. మీ యాప్‌లో అది మ్యాప్ కావచ్చు, చార్టులు కావచ్చు, క్యాలెండర్ మీద లాగి వదిలే షెడ్యూల్ కావచ్చు. ఒకటే ఎంచుకోండి. రెండు మూడు ఉన్నాయనిపిస్తే డబ్బులు ఏ స్క్రీన్ మీద ఆధారపడి ఉన్నాయో దాన్ని పట్టుకోండి.

పెద్ద గ్రిడ్ అంటే ఏం అవుతుందో తెలిసి ఉండాలి. పేజీలో ఎలిమెంట్లు ఎక్కువయ్యే కొద్దీ బ్రౌజర్ నెమ్మదిస్తుంది. పదివేల ఎల్.ఆర్.లు, ఒక్కోదానికి పన్నెండు కాలమ్‌లు అంటే లక్షా ఇరవైవేల గడులు. అన్నీ ఒకేసారి పేజీలో పెడితే రియాక్ట్ అయినా స్వెల్ట్ అయినా పాత మెషీన్ మీద పడుకుంటుంది. అందుకే కంటికి కనిపించే నలభై వరసలు మాత్రమే పేజీలో ఉంచి, స్క్రోల్ చేసే కొద్దీ వాటిలోనే డేటా మార్చే వర్చువల్ స్క్రోలింగ్ కావాలి. ఇది సొంతంగా రాయాలని ఉబలాటపడకండి, వరసల ఎత్తు, ఫోకస్, ఎంపిక, కాపీ-పేస్ట్ అన్నీ ఇందులో ఇరుక్కుంటాయి. అంటే మీరు నిజానికి ఎంచుకునేది ఫ్రేమ్‌వర్క్‌ని ఒక్కదాన్నే కాదు, దానితోపాటు వచ్చే గ్రిడ్‌ని కూడా.

మూడో అడుగు: జాబితాను రెండుకు తగ్గించండి

రియాక్ట్, వ్యూ, స్వెల్ట్, సాలిడ్ ఒక జాతి. స్క్రీన్‌ను కాంపొనెంట్లుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, డేటా మారితే తెర కూడా మారేలా చూసుకుంటాయి. ఫేస్‌బుక్ 2013లో రియాక్ట్‌ను బయటపెట్టింది, ఎవాన్ యూ 2014లో వ్యూ తెచ్చాడు, రిచ్ హ్యారిస్ 2016లో స్వెల్ట్ తెచ్చాడు. రియాక్ట్‌లో రౌటింగ్ (ఒక తెర నుంచి ఇంకో తెరకు వెళ్లే ఏర్పాటు), ఫారాలు, సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం అన్నిటికీ విడివిడి లైబ్రరీలు మీరే ఏరుకోవాలి. దీన్ని స్వేచ్ఛ అనేవాళ్లున్నారు, నిజమే, కానీ ముగ్గురున్న టీమ్‌లో నెలల తరబడి వాదనలు పుట్టేది కూడా ఇక్కడే. వ్యూలో రౌటర్, స్టోర్ (తెరలన్నీ పంచుకునే డేటా ఉండే చోటు) అధికారికంగానే ఉన్నాయి గనక ఆ గొడవ తక్కువ. బెంగళూరులోనే ఉన్న షేర్ బ్రోకర్ జెరోధా వాళ్ల ట్రేడింగ్ వెబ్ యాప్ కైట్ వ్యూతో కట్టిందే, క్షణక్షణం ధరలు మారే తెర అది, కాబట్టి వ్యూ చిన్న పనులకే అనే మాట పట్టించుకోకండి. స్వెల్ట్, సాలిడ్ తేలికగా, వేగంగా ఉంటాయి, నాకు ఇష్టం కూడా, అయితే మీకు కావలసిన గ్రిడ్, డేట్ పికర్ వాటికి సరిగ్గా దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి.

యాంగ్యులర్ దారి వేరు. రౌటర్, ఫారాలు, హెచ్‌టీటీపీ, టెస్టింగ్ అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి, టైప్‌స్క్రిప్ట్ (డేటా రకాలు ముందే చెప్పి రాసే జావాస్క్రిప్ట్) తప్పనిసరి. నలభై గడుల ఫారంలో ఒకటి మారితే ఇంకోటి ఎలా మారాలో రాయడానికి దాని రియాక్టివ్ ఫారాలు గట్టి సరుకు. టీమ్ పెద్దదై, మనుషులు వస్తూ పోతూ ఉండే చోట అందరి కోడూ ఒకేలా కనిపించడం చాలా పెద్ద సౌకర్యం. నేర్చుకోవడానికి మొదట్లో టైమ్ ఎక్కువ పడుతుంది, అది ఒప్పుకుని దిగండి.

సర్వర్ వైపు నుంచే తెరను నడిపేవి ఇంకో జాతి: జావా వాళ్లకు వాడిన్, డాట్‌నెట్ వాళ్లకు బ్లేజర్ సర్వర్. జావాస్క్రిప్ట్ దాదాపు ముట్టుకోకుండా పనైపోతుంది, ఆఫీసు లోపల గట్టి నెట్‌వర్క్ ఉన్న చోట ఇవి హాయి. కానీ బటన్ నొక్కిన ప్రతిసారీ సర్వర్‌కు వెళ్లి రావాలి, కలాసిపాళ్యంలో నెట్ పోయిందంటే గుమాస్తా చేతిలో ఎంటర్ కీ పనిచేయదు. మన ఉదాహరణకు అక్కడే కొట్టేశాను. హెచ్‌టీఎమ్‌ఎక్స్ కూడా సర్వర్ మీదే ఆధారపడుతుంది, అయితే జాంగో, స్ప్రింగ్ లాంటి వాటితో ఫారాలు, జాబితాలు మాత్రమే ఉన్న యాప్ కడుతుంటే పెద్ద ఫ్రేమ్‌వర్క్ అసలు వద్దు, అదే చాలు. చాలా యాప్‌లు నిజానికి ఇంతే.

ఫ్లటర్ వెబ్ తెర మొత్తాన్ని క్యాన్వాస్ (బ్రౌజర్‌లో బొమ్మలు గీసే పలక) మీద తనే గీస్తుంది. మొబైల్ యాప్ ఇప్పటికే ఫ్లటర్‌లో ఉంటే ఆశ పుడుతుంది, సహజం. అయితే కంట్రోల్-ఎఫ్ కొట్టి పార్టీ పేరు వెతికే అలవాటున్న అకౌంటెంట్‌కు అది పనిచేయదు, ఎందుకంటే బ్రౌజర్‌కు అక్కడ అక్షరాలే కనపడవు. గీసే ఇంజిన్ కోసమే మొదటిసారి దాదాపు 1.5 ఎంబీ అదనంగా దిగుతుంది. దీనికితోడు తెలుగు ఫాంట్ మీరు యాప్‌లో పెట్టకపోతే అది నడుస్తుండగా గూగుల్ ఫాంట్స్ నుంచి తెచ్చుకోవాలని చూస్తుంది, ఆఫీసు నెట్‌వర్క్ దాన్ని ఆపేస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

ఇక ఎక్స్‌ట్ జేఎస్, కెండో యూఐ లాంటి రెడీమేడ్ సామగ్రి డబ్బు పెట్టి కొనాలి. గ్రిడ్, చార్టులు, ట్రీలు అన్నీ ఒకే పోలికతో వస్తాయి. డెవలపర్ జీతంతో పోల్చి చూస్తే లైసెన్సు ఖర్చు కొన్నిసార్లు తక్కువే, లెక్కేసుకోకుండా కొట్టేయకండి.

నాలుగో అడుగు: తెలుగు పరీక్ష

ఈ పరీక్ష ఇంగ్లీషు వ్యాసాల్లో దొరకదు, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మీ యాప్ ఇంగ్లీషులోనే ఉన్నా సరే, పార్టీల పేర్లు ఎవరో ఒకరు తెలుగులో కొడతారు.

మొదట ఒత్తులు. చాలా గ్రిడ్‌లు వరస ఎత్తును గట్టిగా బిగించేసి, దాటిన భాగాన్ని కత్తిరిస్తాయి. "వెంకటేశ్వర ట్రేడర్స్", "లక్ష్మీ స్టోర్స్" అని కొట్టి చూడండి. వ-ఒత్తు, మ-ఒత్తు కింది వరకు కనిపిస్తున్నాయా, సగంలో తెగాయా? ఎత్తు మార్చుకునే వీలు ఉందా, మారిస్తే వర్చువల్ స్క్రోలింగ్ లెక్క తప్పకుండా ఉందా?

తర్వాత అక్షరాల లెక్క. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్ లెంగ్త్ లెక్కలో 6. పేరుకు 20 అని హద్దు పెట్టి, దాటింది కోసేసే కాంపొనెంట్ అయితే అక్షరం మధ్యలో కోసి చివర పొల్లు వేలాడదీస్తుంది. కనిపించే అక్షరాల ప్రకారం విడగొట్టడానికి బ్రౌజర్‌లోనే ఇంటల్ సెగ్మెంటర్ ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో కూడా 2024 నుంచి వచ్చేసింది. మీ కాంపొనెంట్‌లో ఆ లెక్క మనం దూర్చడానికి సందు ఉందా అన్నది చూడాలి.

అన్నిటికన్నా చిక్కు టైపింగ్. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే కీబోర్డుల్లో పదం పూర్తయ్యేదాకా అక్షరాలు ఊగిసలాటలో ఉంటాయి, దాన్ని బ్రౌజర్ కంపోజిషన్ అంటుంది. వ్యూలో గడిలో కొట్టినదాన్ని డేటాతో కలిపే వి-మోడల్ ఆ ఊగిసలాట అయిపోయేదాకా వాల్యూని మార్చదు, కాబట్టి పార్టీ పేరు కొడుతుంటే కింద సూచనలు రావు. ఇన్‌పుట్ ఈవెంట్‌ను మనమే పట్టుకుంటే సరిపోతుంది. రియాక్ట్‌లో వాల్యూ వెంటనే వస్తుంది, కానీ కొడుతుండగానే దాన్ని ట్రిమ్ చేసో, మార్చో తిరిగి గడిలో పెడితే అక్షరాలు చెదిరిపోతాయి. ఎంటర్ కీ ఇంకా పెద్ద తలనొప్పి. గుమాస్తా పదాన్ని ఖాయం చేయడానికి ఎంటర్ కొడతాడు, మన కోడ్ దాన్ని తర్వాతి గడికి పొమ్మన్నట్టు అర్థం చేసుకుని దూకేస్తుంది, పేరు సగంలో ఉండిపోతుంది. కీ ఈవెంట్‌లో ఈజ్ కంపోజింగ్ అనే గుర్తు చూసి ఆపాలి. గ్రిడ్ లోపలి ఎడిటర్ ఆ గుర్తును చూస్తోందా, లేకపోతే మన సొంత ఎడిటర్ అందులో పెట్టుకోనిస్తుందా అన్నది నిజంగా కొట్టి చూస్తే తప్ప తెలియదు.

వెతుకులాట కూడా చూడండి. "రాజ్‌కుమార్" అని ఒకరు, "రాజ్కుమార్" అని ఇంకొకరు కొడతారు. మొదటిదాంట్లో కంటికి కనపడని నాన్-జాయినర్ అక్షరం ఒకటి దాగుంటుంది. గ్రిడ్ ఫిల్టర్‌కు ఇవి రెండు వేర్వేరు పేర్లు. వెతికే ముందు ఆ దాగిన అక్షరాన్ని తీసేసే ఫంక్షన్ మనం తగిలించుకోనిచ్చే గ్రిడ్ కావాలి. అంకెల విషయం మాత్రం సులువు, ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కు భారత లొకేల్ ఇస్తే 12,34,567 అని లక్షల్లోనే కామాలు పడతాయి.

అయిదో అడుగు: లైసెన్సు, వయసు

గ్రిడ్ లైసెన్సును డెమో చూడకముందే చదవండి. ఏజీ గ్రిడ్ కమ్యూనిటీ వెర్షన్ ఎంఐటీ లైసెన్సుతో (వ్యాపారానికైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఓపెన్ సోర్స్ లైసెన్సు) ఉచితం, కానీ వరసలను గ్రూపు చేయడం, ఎక్సెల్‌లోకి ఎగుమతి లాంటివి డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్‌లో ఉన్నాయి. ఊరి ప్రకారం ఎల్.ఆర్.లు గ్రూపు కావాలంటే మన లారీ ఆఫీసుకు అదే తగులుకుంటుంది. హ్యాండ్సన్‌టేబుల్ 2019లో ఎంఐటీ వదిలేసింది, వ్యాపారానికి వాడితే కొనాలి. లైసెన్సు మధ్యలో మారడం కొత్తేం కాదు. ఉచితంగా కావాలంటే ట్యాన్‌స్టాక్ టేబుల్ ఉంది, అది లెక్కలన్నీ చూసుకుంటుంది కానీ తెరమీద కనిపించేదంతా మీరే గీయాలి, దానికి తగ్గ టైమ్ పెట్టుకోండి.

వయసు అంటే ఆ టూల్‌కిట్ పాతబడినప్పుడు ఏం జరుగుతుందన్నది. ఒకప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు ఫ్లాష్ ప్లగిన్ మీద నడిచే ఫ్లెక్స్, మైక్రోసాఫ్ట్ ప్లగిన్ సిల్వర్‌లైట్ మీద యాప్‌లు కట్టుకున్నాయి. ఫ్లాష్‌కు అడోబీ సపోర్ట్ 2020 డిసెంబర్ 31తో ఆగింది, సిల్వర్‌లైట్‌కు 2021 అక్టోబర్‌లో ఆగింది, ఆ యాప్‌లన్నీ మొదటి నుంచి రాసుకోవాల్సి వచ్చింది. బ్రౌజర్‌లో సొంతంగా లేని ప్లగిన్ మీద ఆధారపడకూడదని అందరూ అప్పుడు నేర్చుకున్నారు. ప్లగిన్ లేకపోయినా ప్రమాదం పోలేదు. యాంగ్యులర్ పాత రూపం యాంగ్యులర్‌జేఎస్ నుంచి 2016లో వచ్చిన యాంగ్యులర్ 2కు మారడమంటే దాదాపు తిరగరాయడమే, పాతదానికి సపోర్ట్ 2021 చివరికి ఆగింది. వ్యూ 2కు 2023 చివరితో ముగిసింది. రియాక్ట్ కోడ్ పాతదైనా చాలావరకు నడుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్నవి మాత్రం మారిపోతుంటాయి: ఏళ్ల తరబడి అందరూ మొదలుపెట్టిన క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌ను 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే వద్దంది, ఇప్పుడు వీట్ (Vite)తో మొదలుపెట్టండి. యాంగ్యులర్ ఆరు నెలలకో పెద్ద వెర్షన్ తెస్తుంది, ఒక్కోదానికి 18 నెలల సపోర్ట్. ఈ లెక్క ముందే తెలుస్తుంది కాబట్టి ఏటా అప్‌గ్రేడ్‌కు కొన్ని రోజులు కస్టమర్ కాంట్రాక్టులోనే రాయించుకోవచ్చు.

మనుషుల విషయం క్లుప్తంగా. బెంగళూరులో రియాక్ట్ తెలిసినవాళ్లు సులువుగా దొరుకుతారు, బ్యాంకులు, ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో చేసినవాళ్లలో యాంగ్యులర్ వచ్చినవాళ్లు ఎక్కువ, స్వెల్ట్ కావాలంటే నేర్పించుకోవాలి. మీ దగ్గర ఇప్పటికే ఉన్న నలుగురికి ఏది వచ్చో అది కొత్తగా తీసుకోబోయేవాళ్లకన్నా ముఖ్యం.

ఆరో అడుగు: రెండింటిలోనూ కట్టి చూడండి

ఇప్పుడు రెండే మిగలాలి. ఒక్కోదానికి మూడు రోజులు ఇవ్వండి, ఒకే మనిషికి రెండూ ఇస్తే రెండోది సులువనిపిస్తుంది, కాబట్టి ఇద్దరికి పంచండి. కట్టాల్సింది లోడింగ్ షీటు స్క్రీన్ ఒక్కటే. డేటా పదివేల ఎల్.ఆర్.లు, అందులో సగం పేర్లు తెలుగులో. అందంగా ఉండక్కర్లేదు.

కొలతలు ముందే రాసి గోడకు అంటించండి. గూగుల్ చెప్పే హద్దు ప్రకారం నొక్కినప్పటి నుంచి తెర మారేదాకా 200 మిల్లీసెకన్లు దాటకూడదు, పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో, పాఠమో 2.5 సెకన్లలో కనిపించాలి. మా పనికి రెండోది అంత ముఖ్యం కాదు, యాప్ రోజుకు ఒక్కసారే తెరుస్తారు, మొదటిదే ప్రాణం. ఆ 4 జీబీ కంప్యూటర్ మీదే కొలవండి, దొరక్కపోతే క్రోమ్ డెవ్‌టూల్స్‌లో సీపీయూని నాలుగు రెట్లు నెమ్మది చేసి కొలవండి. యాప్‌ను మూడు నాలుగు గంటలు తెరిచే ఉంచి మెమరీ పెరుగుతూ పోతోందేమో చూడండి, రోజంతా మూయని యాప్‌లకు ఇది చాలామంది చూడని పరీక్ష. నెట్ తీసేసి రెండు బుకింగ్‌లు చేయండి, తిరిగి పెట్టండి, రెండూ సర్వర్‌కు చేరాయా? దీనికి సర్వీస్ వర్కర్ (నెట్ లేకపోయినా యాప్ తెరుచుకునేలా చూసేది), ఇండెక్స్‌డ్ డీబీ (బ్రౌజర్‌లోనే డేటా దాచుకునే చోటు) కావాలి, ఇవి బ్రౌజర్‌వే గనక ఏ టూల్‌కిట్‌తోనైనా వస్తాయి. 2015లోనే ఫ్లిప్‌కార్ట్ లైట్ ఇలాంటి పద్ధతులతో వచ్చింది.

చివరగా గుమాస్తాను పిలవండి. పాత చీటీలు ఇరవై చేతికిచ్చి రెండింటిలోనూ కొట్టమనండి, మీరు వెనక నిలబడి నోరు మూసుకుని చూడండి. ఎక్కడ చెయ్యి మౌస్ వైపు పోయిందో, ఎక్కడ తల ఎత్తి తెర చూశాడో రాసుకోండి.

ఈ లారీ ఆఫీసుకు నేనైతే ఏం తీసుకుంటానో చెప్పేస్తాను. ముగ్గురు నలుగురి టీమ్ అయితే వ్యూ, టైప్‌స్క్రిప్ట్, ఏజీ గ్రిడ్ కమ్యూనిటీ. గ్రూపింగ్‌ను సర్వర్‌లో చేసి పంపిస్తాను. టీమ్‌లో అందరికీ రియాక్ట్ వస్తే రియాక్ట్, వాదన లేదు. పది మంది జావా డెవలపర్లున్న కంపెనీ అయితే యాంగ్యులర్.

ఏడో అడుగు: ఎంచుకున్నాక మొదటి వారం

కిరాయి లెక్క, హమాలీ, ఈ-వే బిల్లు ఎప్పుడు కావాలన్న నియమం, ఇవన్నీ ఫ్రేమ్‌వర్క్ పేరు కూడా కనపడని మామూలు టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లలో పెట్టండి, టెస్టులు వాటికే ముందు రాయండి. గ్రిడ్‌ను నేరుగా ముప్పై చోట్ల పిలవకుండా మీ సొంత కాంపొనెంట్ ఒకదాంట్లో చుట్టి, అందరూ దాన్నే వాడేలా చూడండి, రేపు లైసెన్సు మారితే ఒక్క ఫైలు దగ్గరే పని ఉంటుంది. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో బిగించి ఉంచే లాక్ ఫైలును గిట్‌లో పెట్టండి. 2016లో లెఫ్ట్-ప్యాడ్ అనే చిన్న ప్యాకేజీని జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి, కాబట్టి పది లైన్ల పనికి కొత్త ప్యాకేజీ తెచ్చుకోవద్దు. ఎందుకు ఇది ఎంచుకున్నారో, రెండోదాన్ని ఎందుకు వదిలేశారో, గుమాస్తా చేసిన పరీక్షలో అంకెలు ఎంత వచ్చాయో ఒక పేజీలో రాసి ప్రాజెక్టులోనే ఉంచండి. ఏడాది తర్వాత కొత్తగా చేరినవాళ్లు "సాలిడ్‌కు మారదామా" అని అడిగినప్పుడు ఆ పేజీ ఇచ్చి, అదే స్క్రీన్‌ను అదే డేటాతో సాలిడ్‌లో కట్టి, అవే అంకెలు తీసుకురమ్మనండి.